సూపర్వైజరు కూడా వస్తాడు

ఈసారి అరకు వెళ్ళి తీరాలని నేను పట్టుబట్టింది కాఫీ తోటలు చూడ్డానికి కాదు. మా ఆయనతో నాలుగు మాటలు మాట్లాడ్డానికి. ఆ మాటలేవో ఇంట్లోనే మాట్లాడుకోవచ్చు కదా అని మీరనొచ్చు. మా ఇంటికొచ్చి ఒక్క పూట ఉండి చూడండి, తరవాత అనండి.

మా ఆయన నతానియేల్ ఆటోనగర్ దగ్గర ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో పనిచేస్తాడు. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చి చువ్వలుగా సాగదీసే మిల్లు. పెళ్ళైన కొత్తలో షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు విప్పకముందే కబుర్లు మొదలుపెట్టేవాడు. ఫోర్‌మన్ ఎలా నడుస్తాడో నడిచి చూపించేవాడు. ఇప్పుడు వస్తాడు, స్నానం చేస్తాడు, గోడలు అదిరేలా టీవీ పెట్టుకుని కూచుంటాడు. వంటింట్లోంచి నేనేదన్నా అడిగితే జవాబుండదు. ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగితే ‘ఊఁ’ అంటాడు, నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఫోన్ మోగితే అది కూడా నా చేతికే ఇస్తాడు, సొంత తమ్ముడు చేసినా సరే.

ఆదివారం చర్చిలో మాత్రం వేరు. మా చర్చిలో పాటల బృందాన్ని నేనే నడిపిస్తాను. ఆయన ముందు బెంచీలో కూచుని రెప్ప వేయకుండా నన్నే చూస్తాడు. ఆడవాళ్ళు ఆటపట్టిస్తుంటారు కూడా. తీరా బయటికొచ్చాక పాట ఎలా ఉందండీ అంటే, ‘బాగుంది’ తప్ప రెండో మాట రాదు. అమ్మాయి కేథరిన్ పెళ్ళై భీమిలి వెళ్ళిపోయాక ఇల్లు మరీ బోసిపోయింది. ఈయనకి నేనంటే మొహం మొత్తిందేమోనని నాలో నేనే కుమిలిపోయేదాన్ని. పైకి కోపంలా కనపడేది గానీ లోపలున్నది భయమే.

అందుకే ఊరు దాటించాలనుకున్నాను. టీవీ లేని చోట, షిఫ్టు లేని చోట, కొండల మధ్య కూచోబెడితే అప్పుడైనా తెలుస్తుంది కదా, ఈ మనిషి దగ్గర నాకోసం ఇంకా మాటలున్నాయో లేదో.

దీనికి అడ్డం మా కుక్క.

మిల్లు గేటు దగ్గర పుట్టిన ఊరకుక్క అది. బెల్లం రంగు. పేరు సూపర్వైజరు. మిల్లులో వాళ్ళే పెట్టారు ఆ పేరు, ఏ పనీ చేయకుండా అందరి వెనకాలా తిరుగుతూ చూస్తుందని. ఒక వానరోజు మా ఆయన దాన్ని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ఇంటికొచ్చాకా దాని ఉద్యోగం మారలేదు, ఆయన వెనకాలే తిరగడం. ఆయన కుర్చీలో ఉంటే కాళ్ళ దగ్గర, మంచం మీద ఉంటే మంచం కింద. వేసవి వస్తే నేను ఎక్కడికైనా వెళ్దామంటాను. ఆయన దాని వైపు ఒకసారి చూస్తాడు, తరవాత నా వైపు చూసి “కుక్కనెవులు సూత్తారు?” అంటాడు. అదొక అలవాటు ఆయనకి. ఏది అడిగినా ముందు కుక్క మొహం, ఆ తరవాతే నా మొహం. కుక్కనడిగి జవాబు చెప్తాడా ఈ మనిషి అనిపించేది నాకు.

ఈ ఏడు నేను తగ్గలేదు. “కుక్కని కూడా తీసుకెళ్దాం. ఇప్పుడేటంటారు?” అన్నాను ఎదురుగా నిలబడి. పాపం, ఆయనకి సాకు దొరకలేదు. సరేనన్నాడు.

సరేనన్నంత సులువు కాదని నాకు ఫోన్లు మొదలుపెట్టాక తెలిసింది. అరకులో ఒక్కో లాడ్జికీ ఫోన్ చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కొందరు కుక్క అనగానే పెట్టేశారు. ఒకాయన మాత్రం చాలా మర్యాదగా “ఏ బ్రీడు మేడమ్?” అని అడిగాడు.

“మన బ్రీడే బాబూ” అన్నాను.

“అంటే లాబ్రడారా?”

“కూర్మన్నపాలెం.”

మా పేట పేరు వినగానే ఆయన కూడా పెట్టేశాడు. చివరికి పుష్ప అని ఒకావిడ దొరికింది. అరకు అవతల సొంత ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది. “తెచ్చుకోండమ్మా, మాకూ ఉన్నాయి కుక్కలు. కానీ గదిలోకి రానివ్వను. రాత్రిపూట పశువుల పాకలో కట్టాలి” అంది. న్యాయంగానే ఉంది అనుకున్నాను. మా వీధిలో కారు తిప్పే సాయిశంకర్ కూడా, వెనక సీటు మీద పాత దుప్పటి వేస్తే చాలక్కా అన్నాడు. అన్నీ కుదిరిపోయాయని సంబరంగా వెళ్ళి మా ఆయనకి చెప్పాను.

పాక సంగతి చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది.

“అయితే నాను రాను” అన్నాడు.

“పాకలో పడుకుంటే దానికేటయిపోద్దండీ? మిల్లు గేటు దగ్గర పుట్టిన కుక్క.”

“గదిలో ఉంటేనే వత్తాను.”

“నాకన్నా కుక్కే ఎక్కువైపోనాదా మీకు?”

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి, టీవీ వైపు తిరిగిపోయాడు. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదని కూడా ఆయన అడగలేదు.

పక్కింటి చిలకమ్మకి ఈ రామాయణమంతా తెలుసు. వాళ్ళది చీపురుపల్లి దగ్గర పల్లె, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది. మా రెండిళ్ళకీ మధ్య ఒక సందే అడ్డం. “ఆ కుక్కకి నతానియేలన్నయ్య అలవాటు, అన్నయ్యకి కుక్క అలవాటు. ఓ పూట ఇద్దర్నీ విడగొట్టి సూడు వదినా. మా మేడమీద కట్టెయ్. ఏటీ అయిపోదని ఆలిద్దరికీ తెలుత్తాది” అంది. నాకు నచ్చింది. ఆయన్ని అడిగితే ఒప్పుకోడని తెలుసు కనక అడగలేదు. శనివారం ఆయన షిఫ్టు దిగి వచ్చి స్నానానికి వెళ్ళగానే సూపర్వైజర్ని తాడుతో లాక్కెళ్ళి చిలకమ్మకి అప్పగించాను. వచ్చి పప్పు కుక్కర్లో పెట్టి స్టవ్ సన్నగా వెలిగించాను. ఆయన బయటికి రాగానే “రెండు కూతలకి స్టవ్ కట్టెయ్యండి, నాను పాటల ప్రాక్టీసుకి ఎల్తన్నాను” అని చెప్పి బయల్దేరాను. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. తలూపాడనే అనుకున్నాను.

చర్చి తలుపు తాళం వేసి ఉంది. పాస్టరుగారికి జ్వరమట, ప్రాక్టీసు లేదు. వెంటనే వెనక్కి వచ్చేశాను.

మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల కుక్కర్ కూస్తోంది. ఆగి మళ్ళీ కూస్తోంది. ఆ కూత వీధి చివరికి వినపడేలా ఉంది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బెల్లు కొట్టాను. తలుపు బాదాను. “ఏటండీ, తలుపు!” అని అరిచాను. టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు. ఎవరూ లేవలేదు.

పక్కకెళ్ళి కిటికీలోంచి చూశాను. ఆయన కుర్చీలో కూచుని ఉన్నాడు, నిద్రలో లేడు. కాళ్ళ దగ్గర కుక్క పడుకునే చోటు ఖాళీగా ఉంటే దాని వైపే చూస్తున్నాడు. మధ్యమధ్య తలెత్తి గది నాలుగు మూలలూ చూసి మళ్ళీ కిందికి చూస్తున్నాడు. వంటింట్లో కుక్కర్ పేలిపోయేలా కూస్తుంటే, కిటికీ దగ్గర పెళ్ళాం గొంతు చించుకుంటుంటే, ఈయన అలా కూచుని ఉన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. ఇంత పంతమా అనుకున్నాను. కుక్కని దూరం చేసినందుకు నన్ను గుమ్మంలో నిలబెడతాడా అనుకున్నాను.

నా కేకలకి చిలకమ్మ మేడమీంచి తొంగిచూసింది. పక్కనే సూపర్వైజరు తాడు తెంపుకునేలా గింజుకుంటూ అరుస్తోంది. “దీన్నొగ్గేత్తన్నాను వదినా, ఇది నా సేతుల్లో ఆగట్నేదు” అని తాడు వదిలేసింది. అది మెట్లు దిగి, సందులోంచి పరిగెత్తి, మా పెరటి గోడ దూకి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి దూరింది.

కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. సూపర్వైజరు ఆయన దగ్గరికి వెళ్ళి మోకాలిని మూతితో నెట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. కుక్క మొహం చూశాడు. అది వంటింటి వైపు తిరిగి నాలుగడుగులు వేసి, ఆగి ఆయన్ని చూసింది. ఆయన పరిగెత్తుకెళ్ళి స్టవ్ ఆపాడు. అంతలో అది వీధి తలుపు దగ్గరికి వచ్చి గోకింది. ఆయన వచ్చి తలుపు తీశాడు.

బాదీ బాదీ నా చెయ్యి కమిలిపోయి ఉంది. ఆయన నన్ను చూసి నవ్వి, “ఇప్పుడే వచ్చినావా?” అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి టీవీ ఆపేశాను. ఆయన నాకు వీపు పెట్టి, కుక్క మెడకి వేలాడుతున్న తాడు విప్పుతున్నాడు. నేను గోడ పక్కన నిలబడి, మామూలు గొంతుతో అడిగాను.

“ఏటండీ, నానంటే మీకు ఇష్టం పోనాదా?”

ఆయన తిరగలేదు. తాడు ముడి విప్పుతూనే ఉన్నాడు. కుక్క మాత్రం తలెత్తి నన్ను చూసింది. ఇంకొంచెం గట్టిగా మళ్ళీ అదే అడిగాను. కుక్క చెవులు నిక్కబొడుచుకుంది. అప్పుడాయన దాని చెవులు చూసి, అది చూస్తున్న వైపు చూసి, నా మొహం చూశాడు.

“ఏటి పెసన్నా? ఏటన్నావు?”

నేను అక్కడే నేలమీద కూలబడిపోయాను. ఆయన కంగారుగా వచ్చి నా ఎదురుగా కూచున్నాడు. నేను కనిపెట్టేశానని నా మొహం చూసే తెలుసుకున్నాడు. తలొంచుకున్నాడు.

గడ్డం పట్టి ఆ తల పైకెత్తి, నా నోరు కనపడేలా అడిగాను. “ఎన్నాళ్ళయింది?”

“తెల్దు. ఒక్కసారి పోనేదు పెసన్నా. మెల్లిమెల్లిగా పోనాది. ముందు పిట్టలు పోనాయి. తరవాత ఫోను. తరవాత నువ్వు ఎనకనుంచి పిలిస్తే ఇనపడ్డం మానేసింది.”

“మరి మిల్లులో ఎలాగ సేత్తన్నారు?”

“మిల్లులో ఎవుడికీ ఇనపడదు. ఆ మోతలో అంతా సేతుల్తోనే మాటాడుకుంటాం. అక్కడ అందరం ఒకటే. ఇంటికొత్తేనే నాను సెవిటోడ్ని.”

ఇన్నాళ్ళూ నాకెలా తెలియలేదని మీరడుగుతారు. ఎలా తెలుస్తుంది చెప్పండి? మా వీధిలో సగం మంది మగాళ్ళకి ఇనుముతోనే పని. అందరూ కేకలేసే మాట్లాడతారు. అందరి టీవీలూ వీధి చివరికి వినపడతాయి. పిలిస్తే పలకరని ఆడవాళ్ళందరం పంపు దగ్గర మొగుళ్ళని తిట్టుకుంటాం. ఇంతమందిలో ఒకడికి నిజంగానే వినపడటం లేదని ఎవరికి తోస్తుంది?

“ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారు?”

ఆయన సూపర్వైజరు వీపు మీద చెయ్యి వేశాడు. “ఈడున్నాడు కదా. బెల్లు కొడితే తలుపుకేసి సూత్తాడు. నువ్వు పిలిస్తే నీ కేసి సూత్తాడు. నాను ఈడ్ని సూత్తాను. ఆ కొత్త ఊర్లో ఈడ్ని పాకలో కట్టేత్తే, తలుపు కొట్టినా నాకు తెల్దు. ఆలందరి ముందూ నీకు సిన్నతనం.”

“నాకెందుకు చెప్పలేదు? కట్టుకున్నదాన్ని, నాకు కూడా దాస్తారా?”

ఆయన తాడుని వేలికి చుడుతూ, విప్పుతూ కూచున్నాడు.

“నువ్వు పాడతావు కదా” అన్నాడు చివరికి.

నాకు అర్థం కాలేదు.

“ఆదివారం ముందు బెంచీలో కూకుంటాను. నీ నోరు సూసి ఏ పాటో పోల్చుకుంటాను. పాత పాటలైతే పర్నేదు, లోపల గుర్తున్నాయి, ఇనపడినట్టే ఉంటాది. కొత్తయి తెల్దు. బయటికొచ్చి పాట ఎలాగుందని అడుగుతావు. నీ పాట నాకు ఇనపడతనేదని నీకెలాగ సెప్పను పెసన్నా?”

నేను ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను కూడా. ఎదురుగా కూచుని, నిదానంగా, ఒక్క తిట్టు కూడా వృథా పోకుండా తిట్టాను. ఆయన అన్నీ శ్రద్ధగా చూశాడు. మనసులో ఎంత బరువు దిగిందో చెప్పలేను. నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను గదా, అది కాదు. మిగిలిందేదైనా సరే మొయ్యగలను అనిపించింది.

సోమవారం చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ముందే రావాల్సిందని డాక్టరూ నాలుగు చీవాట్లు పెట్టాడు. చెవిలో మిషను పెడితే కొంత వినపడుతుంది, పోయినదంతా రాదు, మిషను చేయించడానికి టైము పడుతుంది అన్నాడు.

ఇంటికొచ్చాక పుష్పకి చెయ్యడానికి నేను ఫోన్ తీశాను. “అసలు సంగతి సెప్పేస్తాను. సెప్తే కుక్కని గదిలో ఉండనిస్తాది” అన్నాను.

ఆయన నా చేతిలో ఫోన్ పట్టుకున్నాడు. “ఎవులికీ సెప్పకు. నీకు తెలిసింది, సాలు.”

“రోగం ఎవరికైనా వస్తాదండీ. ఇందులో సిగ్గేటి?”

“సెవిటోడంటే నవ్వుతారు పెసన్నా. మా నాన్నకి ఇనపడకపోతే ఊరంతా నవ్వినారు. నానూ నవ్వినాను.”

ఫోన్ పక్కన పెట్టేశాను. కారణం చెప్పకుండా పుష్ప ఒప్పుకోదు. కుక్క గదిలో లేకపోతే ఈయన రాడు. రాననడంలో తప్పు కూడా లేదు, కాళ్ళకింద నేల తీసేసి నడవమంటే ఎవరు నడుస్తారు? భయపడే మనిషిని ఈడ్చుకెళ్ళి నేను చూసే కొండలేమిటి? అరకు మాట ఇక ఎత్తనని ఆయనకి ఎదురుగానే చెప్పేశాను. నిజం చెప్పొద్దూ, బాధ పడ్డాను. మిషను వచ్చాక చూద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎత్తనన్న నా మాట ఆయన విని, అంటే చూసి, సూపర్వైజరు వీపు నిమురుతూ కూచున్నాడు.

మర్నాడు పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం రావాల్సిన వేళకి రాలేదు. ఫోన్ చేసి లాభం లేదని ఇప్పుడు తెలుసు కదా. వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఉన్నాను. సూపర్వైజరు గుమ్మంలో పడుకుని ఉంది. దాన్ని తీసుకెళ్ళలేదు, ఒక్కడే ఎక్కడికెళ్ళాడో. వెనక నుంచి లారీ వస్తే? ఇన్నేళ్ళూ రాని భయాలన్నీ ఒక్క పూటలో వచ్చాయి.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు.

“సాయిశంకర్‌కి కారు వద్దని సెప్పీ” అన్నాడు.

“అరకే వద్దనుకున్నాక కారెందుకండీ? నిన్ననే చెప్పేశాను.”

“అరకు ఎల్తన్నాం. ట్రైన్లో ఎల్తన్నాం.”

నేను వెళ్ళి ఆయన ఎదురుగా కూచున్నాను.

“కారులో అయితే ఇద్దరం ముందుకి సూసి కూకోవాల. నువ్వేటంటన్నావో నాకు కనపడదు. ట్రైన్లో ఎదురెదురు సీట్లుంటాయి. నీ ముకం కనపడతాది. దారంతా మాటాడుకోవచ్చు.”

మాట్లాడుకోవచ్చు అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో.

“మరి సూపర్వైజరో?” అన్నాను.

“ఆడు మన దగ్గర కూకోడానికి నేదంట. గార్డు పెట్టిలో కుక్కలకి గది ఉంటాది. పార్సిల్ ఆఫీసులో రాయించాల, ఆడికి సూదిమందు ఏసినట్టు పశువుల డాక్టరు సీటీ కావాల. ఓ పూటే కదా, ఓర్సుకుంటాడు. నాకు నువ్వుంటావు కదా. ఆ పుష్పమ్మకి ఫోన్ సెయ్. నాకు ఇనపడదని, కుక్క గదిలోనే ఉండాలని నువ్వే సెప్పు.”

“ఎవరికీ చెప్పొద్దన్నారు గదండీ. అయినా ఇదంతా మీకెవరు చెప్పారు?”

“టేషన్‌కి ఎల్లినాను.”

“ఒక్కరూనా?”

“ఒక్కడ్నే. కౌంటర్లో ఆయన అద్దం ఎనకాల తలొంచుకుని ఏటో సెప్పినాడు. నాను తలూపినాను. బయటికొచ్చీసినాను. మల్లీ ఎల్లి అడిగినాను. మల్లీ తలొంచుకునే సెప్పినాడు. ఎనకాల జనం తోసేత్తన్నారు. అప్పుడు నాను అద్దం మీద కొట్టి, నాకు ఇనపడదండీ, నా కేసి సూసి సెప్పండి అన్నాను. గట్టిగానే అన్నాను కాబోలు, అందరూ తిరిగి సూసినారు.”

నా చేతిలో చెయ్యి పెట్టాడు.

“ఎవులూ నవ్వనేదు పెసన్నా. ఆయన కుర్సీ జరుపుకుని, నా కేసి తిరిగి, మొదట్నుంచీ మల్లీ సెప్పినాడు.”